మొదలు దాకా వంగే కర్ర

యర్రగొండపాలెం సంతలో తట్టలల్లే ఆదినారాయణ మామ గాలానికని చూపిచ్చిన వెదురు కర్రలు ఏడు పక్కన పడేసినా. ఎనిమిదోది చేతికిచ్చి, "ఇది కూడా కాదంటే నాతో కాదమ్మా హెప్సిబా. అడవిలోకి పోయి నువ్వే కొట్టుకో," అన్నాడు.

"కొట్టుకుంటా. ఫారెస్టోళ్ళు పట్టుకుంటే నీ పేరే చెప్తా," అన్నా.

నా వెనక నిలబడిన కృపావరం నవ్వినాడు. అతను నా మరిది, మా ఆయనకు ఒక్కడే తమ్ముడు.

కర్ర మొదలు పట్టుకొని ఊపినా. కొన ఊగింది, నడుము ఊగింది, ఆ ఊపు నిదానంగా దిగి నా అరచేతిలోకి వచ్చింది. చేతిలో ఉన్నట్టే లేదు, అంత తేలిక. "ఇదే," అన్నా.

"చిన్న వాగుకి, పరిగెల్లాంటి చిన్న చేపలకి బాగుంటాది," అన్నాడు మామ. "మెత్తగా వంగుతాది కాబట్టి చేప నోరు చిరగదు, దారం తెగదు. అంతే దీని గొప్ప. లాగింది తెలియాలంటే ఏ కర్రయినా ఒకటే. గట్టిది ఇంకా బాగ చెప్తాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తట్టలల్లుకునేటోనివి, గాలం సంగతి నీకేం తెలుసు?" అని సంతంతా తిరిగి చూసేటట్టు అరిచినా. పాపం, మామ తల వంచుకొని మళ్ళా తట్ట అల్లుకోబట్టినాడు. కృపావరమే "పద వదినా, బస్సు పోతాది" అని ముందు నడిచినాడు.

అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాల.

మాది అర్ధవీడు దగ్గర వాగు పక్కన పల్లె. కూలి లేని దినాల్లో నేనూ మా ఆయన ఇమ్మానుయేలూ చేపలకు పొయ్యేవాళ్ళం. మా వాగు మడుగులో నీళ్ళ కింద బండలు అరలు అరలుగా ఉంటాయి. పెద్ద కొర్రమీన్లు ఆ అరల్లో దాక్కుంటాయి, ఒడ్డు నుంచి గాలమేస్తే రావు. అందుకని ఆయన ఎర గుచ్చిన గాలం చేత్తో పట్టుకొని మునిగి, అరలోపల పెట్టి వచ్చేవాడు. నేను ఒడ్డున కర్ర పట్టుకొని కూచునేదాన్ని. నీళ్ళ కింద నుంచి అరిస్తే వినపడదు గదా. దారం ఒకసారి లాగితే గాలం పెట్టినా అని. రెండుసార్లు లాగితే ఇరుక్కున్నా, రా అని.

ఆయనకు ఎకసెక్కాలెక్కువ. ఊరికే రెండుసార్లు లాగేవాడు. నేను చీర ఎగ్గట్టి గుండెలు బాదుకుంటా నీళ్ళల్లో దూకితే, అవతల తేలి పకపకా నవ్వేవాడు. ఒకసారి గాదు, పదిసార్లు చేసినాడు మహానుభావుడు.

పోయిన ఏడు ఆయన మెత్తటి వెదురు కర్ర విరిగింది. నేను మార్కాపురం పోయి ఫైబర్ కర్ర తెచ్చినా. "ఇదేందే, దబ్బనం మాదిరి! మొదలు వంగదే," అన్నాడు. "వంగేదానికి నువ్వున్నావు గదా," అన్నా. తెచ్చిన మూడో దినం అరలో బండ జారి ఆయన ఒక చెయ్యి దాని కింద ఇరుక్కుంది. ఇంక తేలలేదు.

"వాడు లాగలేదా తల్లీ?" అని మా అత్త అడిగింది.

"తెలీలేదత్తా. కర్ర గట్టిది, నాకేం తెలీలేదు."

పోలీసులకూ అదే చెప్పినా, పాస్టరయ్యకూ అదే చెప్పినా. అందరూ కర్రనే తిట్టినారు. చెప్పీ చెప్పీ నేను కూడా నమ్మినా.

కానీ ఆ దినం నుంచి నా కుడిచెయ్యి ఊరుకోదు. చీపురు పట్టుకున్నా, గరిటె పట్టుకున్నా, చర్చిలో బైబిలు పట్టుకున్నా, అరచేతిలో రెండుసార్లు లాగుతాది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పాస్టరయ్య నూనె రాసి ప్రార్థన చేసినాడు. ఆ నూనె ఆరకముందే మళ్ళా లాగింది. అన్నం కలపాలంటే భయం నాకు. గట్టి కర్ర నిజంగానే చెప్పదని ఒక్కసారి తేలితే చాలు, ఈ చెయ్యి నన్ను ఇడిసిపెడతాది అనుకున్నా. అందుకే, దాంతో పోల్చి చూసేదానికి ఈ మెత్త కర్ర.

మర్నాడు ఎండపూట కృపావరాన్ని మడుగుకు పిల్చుకపోయినా. "అరల జోలికి పోవద్దు. నడుం లోతులో మునిగి రెండుసార్లు లాగు, చాలు," అన్నా.

"నీకు నమ్మకం కుదరాలంటే ఎన్నిసార్లయినా మునుగుతా వదినా. తప్పు నీది గాదని నాకు ఎప్పుడో తెలుసు," అన్నాడు.

ముందు వెదురు కర్ర పట్టుకున్నా. అతను మునిగి లాగినాడు. ఆ లాగుడు మెత్తగా దిగి మోచెయ్యి దాకా వచ్చింది. తర్వాత దారం ఫైబర్ కర్రకు మార్చినాం. అతను మునిగినాడు. నేను ఊపిరి బిగబట్టి పట్టుకున్నా. ఏం లేదు. నీళ్ళ మీద గుండ్రాలు కూడా పోయినాయి. ఏం లేదు! "యేసయ్యా, నీకు స్తోత్రం," అని గట్టిగానే అనేసినా. కండ్లెంబడి నీళ్ళు కారినాయి.

కృపావరం తేలినాడు. "కాలు జారింది వదినా, ఇంకా లాగలే. ఉండు," అని మళ్ళా మునిగినాడు.

టక్. టక్.

వెదురు కంటే గట్టిగా, ఎముకకు కొట్టినట్టు. పొరపాటు పడేదానికి లేదు. ఆ దినం కూడా ఇట్లనే తగిలింది. తగలంగానే అప్పుడు నేననుకున్న మాట కూడా గుర్తొచ్చింది. "ఆడుకుంటన్నాడు. ఈసారి లేస్తే ఒట్టు," అనుకున్నా. ఆ దినం కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకొని, తీరిగ్గా జడ అల్లుకున్నా. అల్లేలోపల ఆయన మళ్ళా లాగినాడు. ఇంకోసారి కూడా లాగినాడు.

కృపావరం మొహం మీద నీళ్ళు తుడుచుకుంటా పైకొచ్చినాడు. "తెలీలేదు గదా? నేను చెప్పలా!"

"తెలిసింది," అన్నా. "ఆ పొద్దు కూడా తెలిసింది కృపా. మీ అన్న మూడు మాట్లు పిలిచినాడు. ఆటలాడుతున్నాడని నేను పోలేదు."

అతను నడుం లోతులో అట్లనే నిలబడినాడు. తర్వాత దారం చేతికి చుట్టుకుంటా ఒడ్డెక్కినాడు, చొక్కా తీసుకున్నాడు, తొడుక్కోలేదు.

"అమ్మకు మాత్రం చెప్పొద్దు వదినా," అన్నాడు. "దినం పొద్దున లేస్తానే నీ కోసమే ప్రార్థన చేస్తాది."