రెండో బస్తా

మేస్త్రికి ముక్కు పోయిన సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మేస్త్రి, రెండోవారు డాక్టరు. ముక్కు పోవడమంటే ఊడి కిందపడలేదు. ముఖం మధ్య ఎప్పటిలాగే ఠీవిగా నిలబడి ఉంది. పోయింది వాసన. వానాకాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ దాన్ని కూడా వెంటబెట్టుకుపోయింది. "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు, రేపటి వాన సంగతి చెప్పినట్టు. వానలు పోయాయి, చలి వచ్చి వెళ్లింది, ఎండలు ముదురుతున్నాయి. వాసన మాత్రం రాలేదు.

ఇంకొకరికైతే పోతే పోయిందిలే అనుకోవచ్చు. బస్సు కండక్టరుకు ముక్కు లేకపోతే ఇంకా సుఖం. కానీ మేస్త్రి బతుకుతెరువే ముక్కు. విందులకు వెళ్లి ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చిపెట్టడం ఆయన పని. వ్యాను మీద 'బార్బెక్యూ' అని రంగుల్లో రాయించాడు గానీ, జనం పిలిచేది మేస్త్రి అనే. గ్రిల్‌కు వీపు పెట్టి నిలబడి, "ఆ చివరి ముక్క తిప్పరా, మాడుతోంది" అని చెప్పగలిగినవాడు. బొగ్గులో చెమ్మ ఉంటే బస్తా మూతి విప్పగానే పసిగట్టేవాడు. ఆయన ముక్కు గురించి జనం కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆ కథలకు తన వంతుగా నాలుగు మాటలు జోడించడానికి మేస్త్రి ఎన్నడూ మొహమాటపడలేదు.

ఇప్పుడు పొద్దున్నే, ఇంట్లో ఎవరూ లేవకముందు, కాఫీపొడి డబ్బా మూత తీసి అందులో ముక్కు పెట్టేవాడు. గోడను వాసన చూసినట్టుండేది. సబ్బు, కిరోసిన్ గుడ్డ, విడిచిన బూటు, ఏదీ వదల్లేదు. అన్నీ గోడలే. ఉప్పు, పులుపు, కారం మాత్రం నాలుకకు అందుతున్నాయి. మిగతాదంతా మట్టి నమిలినట్టే. భార్యకు చెబుదామని ఎన్నోసార్లు నోటి దాకా తెచ్చుకుని మింగేశాడు. చెబితే ఆవిడ ఏడుస్తుంది, ఆపైన పని మానెయ్యమంటుంది. మానేస్తే తానెవరో తనకే తెలియదు. అందుకే మసాలా కలిపినప్పుడల్లా గిన్నె ఆవిడ ముందుకు తోసి, "నువ్వు చూడు, ఇన్నేళ్లలో ఏం నేర్చుకున్నావో తెలుస్తుంది" అని పంతులుగారిలా కూర్చునేవాడు. ఆవిడ వాసన చూసి చెప్పేది. ఈయన గంభీరంగా తలూపేవాడు.

ఇక కాల్చడమంటారా, చెయ్యి చాచి వేడి చూసేవాడు, కొవ్వు చిటపటలు వినేవాడు, రంగు చూసేవాడు. నెట్టుకొస్తున్నాడు. వాసన పోయినా ముక్కు మీద కోపం మాత్రం చెక్కుచెదరలేదు. నిప్పు రాజేశాక గ్రిల్ దగ్గర తాను తప్ప ఎవరూ నోరు విప్పకూడదన్నది మేస్త్రి ఎప్పుడో పెట్టిన శాసనం. దానికి కారణం ఆయన బావమరిది. అతన్ని అందరూ రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూతపడదు. ఒకసారి అతని కబుర్లలో పడి మేక పక్కటెముకలు మొత్తం బొగ్గులైపోయాయి. అప్పటినుంచీ శాసనం. జ్వరం తర్వాత మేస్త్రి దాన్ని ఇంకా బిగించాడు. గ్రిల్ దగ్గర ఎవరైనా "ఆహా, ఏం వాసన!" అంటే తానేం జవాబు చెప్పాలో తెలియక భయం. అందుకే ఎవరు నోరు తెరిచినా కస్సుమనేవాడు.

ఇలా ఉండగా కూతురు ఒక సాయంత్రం ఎగురుకుంటూ ఇంటికొచ్చింది.

"నాన్నా, మా ఆఫీసు వార్షికోత్సవానికి బార్బెక్యూ పెడతారట. మీటింగులో నలుగురూ నాలుగు పేర్లు చెబుతుంటే నేను లేచి నిలబడి, మా నాన్న ఉండగా ఇంకొకరెందుకని అడిగేశాను!"

మేస్త్రికి గుండె జారిపోయింది. ఆ పిల్ల చిన్నప్పుడు ఆయన పొగ వాసన కొట్టే చొక్కా పక్కన లేకపోతే నిద్రపోయేది కాదు. కాస్త పెద్దయ్యాక మాత్రం, నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే "వ్యాపారం" అని చెప్పి మాట మార్చేది. మేస్త్రి అది విన్నాడు, ఎన్నడూ పైకి అనలేదు. అలాంటి పిల్ల ఇప్పుడు నలుగురిలో లేచి "మా నాన్న" అంది. ఆ మాట కోసం ఇన్నేళ్లు కాచుకున్నవాడు, వచ్చిన రోజున కాదనడమెలా? కొరివితో తల గోక్కుంటున్నానని తెలిసే సరేనన్నాడు.

చోటు చూడటానికి రేడియోను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆఫీసు వెనక కార్లు నిలిపే ఖాళీ స్థలం. మూడు వైపులా ఎత్తు గోడలు, నాలుగో వైపు రేకుల షెడ్డు. మేస్త్రి జేబురుమాలు విప్పి పైకెత్తి పట్టుకున్నాడు. అది కదల్లేదు.

"గాలాడదు. బొగ్గు రాజుకోదు, పొగ కదలదు. బ్లోయర్ పెట్టాల్సిందే" అన్నాడు.

"ఇక్కడ ప్లగ్గు లేదు బావా. లోపల్నుంచి వైరు లాగితే దారికి అడ్డం. ఎవరో ఒకరు కాలు తగిలి బొక్కబోర్లా పడతారు. అప్పుడు కాల్చినవాళ్ల కంటే పడ్డవాళ్ల గురించే జనం చెప్పుకుంటారు" అని రేడియో అందుకున్నాడు. ఇంకా నిప్పు రాజెయ్యలేదు కాబట్టి శాసనం వర్తించదు.

"మన జనరేటర్ తెద్దాం."

మేనేజరమ్మ కూతురితో కలిసి వచ్చింది. నెమ్మదైన మనిషి. మాంసం తిననివాళ్లు కొందరున్నారంది. వాళ్లకు వేరే గ్రిల్, వేరే పట్టకార్లు, కుళాయి పక్కన పెడతానన్నాడు మేస్త్రి. మొక్కజొన్న కండెలు, పుట్టగొడుగులు, పుల్లకు గుచ్చిన కూరగాయలు. ఇటువైపు కోడికాళ్లు, పక్కటెముకలు. భోజనం బల్లలు షెడ్డు కింద. కిటికీలు మూసి ఉంచాలి. మాంసం ముందురోజే ఊరబెడతాడు. బొగ్గు రెండు బస్తాలు, మొదటిది రాజెయ్యడానికి, రెండోది మధ్యలో పొయ్యడానికి. చెబుతుంటే మేస్త్రికి పాత ఉత్సాహం పుట్టుకొచ్చింది. చేతులు వాటంతటవే గాలిలో గ్రిల్‌లు గీస్తున్నాయి. కూతురు పక్కన నిలబడి, ప్రతి మాటకూ మేనేజరమ్మ ముఖంలోకి చూస్తోంది.

"మీ అమ్మాయి చెప్పిందండీ. మీరు కళ్లు మూసుకుని, వాసన బట్టి ఉడికిందో లేదో చెప్పేస్తారటగా?" అంది మేనేజరమ్మ.

మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు తేవడానికి పడ్డ కష్టం బొగ్గు బస్తా మొయ్యడానికి కూడా ఎన్నడూ పడలేదు.

ఆరోజు రానే వచ్చింది. బల్లలు సర్దడానికి మేస్త్రి భార్య కూతురితో కలిసి పొద్దున్నే వెళ్లిపోయింది. ఎప్పుడు వ్యాను బయల్దేరినా ఆవిడ ముందు సీట్లో కూర్చుని, జనరేటర్ తాలూకు డీజిల్ డబ్బాను రెండు పాదాల మధ్య బిగించి పట్టుకునేది. దాని మూత వదులు. మార్చాలని అందరూ అనుకునేవారు, ఆవిడ పాదాలు ఉండగా తొందరేమిటని ఊరుకునేవారు. ఆవిడ లేదు కాబట్టి రేడియో ఆ డబ్బాను తీసుకెళ్లి వెనకాల బొగ్గు బస్తాల మీద పెట్టాడు. దారి పొడవునా గతుకులు.

మొదటి బస్తా మీద కారి ఉంటే రాజేసేటప్పుడే బయటపడేది. కానీ డబ్బా కూర్చున్నది రెండో బస్తా మీద, నల్లటి గోనె మీద తడి ఎవరికీ కనపడలేదు.

మొదటి వాయి అద్భుతంగా వచ్చింది. ఆ మాట నేను అనడం లేదు, ప్లేట్లు అన్నాయి. కోడికాళ్ల ఎముకలు అద్దాల్లా తిరిగొచ్చాయి. ఒకాయన వేళ్లు నాకుతూ వచ్చి మళ్లీ వరుసలో నిలబడ్డాడు. కూతురు మేనేజరమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చి, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, "ఈయనే మా నాన్న" అంది. మేస్త్రి పట్టకారు పక్కన పెట్టి చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు. ముక్కు లేకపోతేనేం, ఇన్నేళ్ల అనుభవం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, పాపం. జ్వరం తర్వాత ఆయన గుండెల మీద చెయ్యేసుకున్నది ఆ ఒక్క క్షణమే.

నిప్పు తగ్గింది. రెండో బస్తా విప్పి బొగ్గు గుమ్మరించాడు. భగ్గుమని మంట లేచి, నల్లటి పొగ సుడి తిరిగింది. కొవ్వు పడి ఉంటుందనుకున్నాడు.

రేడియో ముక్కు ఎగబీల్చాడు. "బావా, ఈ బొగ్గు..."

"నోర్ముయ్! నిప్పు దగ్గర ఏం చెప్పాను నీకు?"

రేడియో నోరు మూసుకున్నాడు. జీవితంలో మాట్లాడాల్సిన రోజున మాట్లాడకుండా ఊరుకున్నాడు.

మేస్త్రి ముక్కలు పరిచాడు. చిటపటలు విన్నాడు. రంగు చూశాడు. బంగారంలా వచ్చాయి. ప్లేట్లు వెళ్లాయి. ఆ తర్వాత షెడ్డు కింద ఏదో మారింది. నవ్వులు తగ్గాయి. ఒకాయన కాగితపు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లాడు. ఇంకొకామె ప్లేటును మెల్లగా కుర్చీ కిందకు తోసింది. వరుసలో నిలబడ్డవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, ఫోను వచ్చినట్టు నటిస్తూ జారుకున్నారు.

కూతురు ప్లేటు పట్టుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. వెనకాల మేనేజరమ్మ, ఇంకో నలుగురు.

"నాన్నా, బాలేదంటున్నారు."

"బాలేదా? ఏదీ ఇలా ఇవ్వు." మేస్త్రి కోడికాలు అందుకుని, అందరూ చూస్తుండగా సగం కొరికి నమిలాడు. శ్రద్ధగా నమిలాడు. ఉప్పు సరిగ్గా ఉంది. పులుపు సరిగ్గా ఉంది. కారం సరిగ్గా ఉంది. మిగిలింది మింగి, ఇంకో ముక్క కొరికాడు. "బ్రహ్మాండంగా ఉంది! దీనికేం తక్కువైంది?"

కూతురు ఆయన నమలడాన్ని చూస్తోంది. మొదట ఆమె ముఖంలో సిగ్గు ఉంది. తర్వాత కోపం. తర్వాత ఆ రెండూ పోయి, ఇంకేదో వచ్చింది. దాన్ని చూడలేక మేస్త్రి నమలడం ఆపేశాడు.

"నాన్నా, అంతా డీజిల్ కంపు" అంది మెల్లగా. "చొక్కా, పొగ, ముక్కలు, అన్నీ. నీకు తెలీట్లేదా?"

మేస్త్రి రేడియో వైపు తిరిగాడు. "ఒరేయ్, నీకు తెలిసిందా?"

"తెలిసింది బావా." రేడియో కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పబోతే నోర్ముయ్యన్నావు. అయినా ఇంత కంపు నీ ముక్కుకు తెలీకుండా ఉంటుందా అనుకున్నా. ఇదేదో నీ కొత్త పద్ధతేమో అనుకున్నా."

కూతురు ఆయన చేతిలోంచి ఆ కోడికాలు తీసేసుకుంది, చంటిపిల్లాడి నోట్లోంచి మట్టిబెడ్డ తీసినట్టు. మేనేజరమ్మ "పర్లేదండీ, ఒక్కోసారి ఇలా అవుతుంటుంది" అంది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే మేస్త్రి బతికిపోయేవాడు. ఆ మర్యాదకు తట్టుకోలేకపోయాడు. బయట హోటలు నుంచి పొట్లాలు తెప్పించారు. మాంసం తిననివాళ్ల గ్రిల్ మీద కూడా అదే బొగ్గు. అంతా చెత్తబుట్టలోకి వెళ్లింది. మేస్త్రి బకెట్టు నీళ్లు తెచ్చి నిప్పు మీద పోశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

తిరుగుదారిలో వ్యానులో రేడియో ఒక్క మాట మాట్లాడలేదు. నిప్పు ఆరిపోయింది, శాసనం లేదు, అయినా మాట్లాడలేదు.

ఇంటికి రాగానే భార్య కిటికీలన్నీ తెరిచింది. ఎందుకని ఆయన అడగలేదు. మెట్ల మీద కూర్చుని, తల వంచుకుని, జ్వరం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆవిడ ఏడవలేదు.

"నాకు తెలుసండీ" అంది. "ఆమధ్య పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, మీరు పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. అప్పుడే అర్థమైంది. మీరే చెబుతారులే అని ఊరుకున్నాను."

"అడగొచ్చు కదా."

"అడిగితే కస్సుమంటారు కదా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడి ఇంట్లో నాలుగో కాలు ఎవరు చూపిస్తారు?

పొద్దు వాలుతుండగా కూతురు ఆఫీసు నుంచి వచ్చింది. అక్కడ ఎవరేమన్నారో చెప్పలేదు. లోపలికి వెళ్లబోయి, తల్లితో ఏదో మాట్లాడి, మళ్లీ వచ్చి తండ్రి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆయన ఇంకా చొక్కా మార్చలేదు. ఆమె తల తిప్పి, చిన్నప్పటిలాగా ఆయన భుజంలో ముఖం దాచుకుంది.

"నీ పరువు తీశానమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మాట చెప్పు" అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు నా దగ్గర ఏం వాసన వస్తోంది?"

ఆమె ఊపిరి బిగబట్టినట్టుంది.

"పొగ వాసనే నాన్నా. ఎప్పుడూ వచ్చేదే."

ఆమె ముఖం భుజంలోనే ఉంది, ఆయనకు కనిపించలేదు. మేస్త్రి చొక్కా కాలరు ముక్కు దాకా లాక్కుని, గుండెల నిండా పీల్చాడు. గాలి మాత్రమే వచ్చింది.