తల్లకిందుల రెక్క

చెక్క బొమ్మలు చేసే ఆ ఇంట్లో, పొద్దున్నే తోడికోడళ్లిద్దరూ బల్ల ముందు కొయ్యబారిపోయి నిలబడ్డారు. బల్ల మీద మూరెడు పొడుగు అంతరిక్ష నౌక ఉంది. పెద్దకోడలు ఇరవై ఏళ్లుగా ఎవరో గీసిచ్చిన బొమ్మలే చెక్కింది. తన ఊహతో తాను గీసుకున్నది ఇదొక్కటే. పది గంటలకు సినిమా దర్శకుడు వస్తాడు. నచ్చిందా, సినిమా నిండా ఈ నౌకే. నచ్చలేదా, ఇంకో కార్ఖానా వాళ్లు చేసింది తీసుకుంటాడు.

వాళ్లకో పద్ధతి ఉంది. రెండు రెక్కలకూ కాగితం అచ్చు ఒకటే. ఎడమది గీశాక కాగితాన్ని బోర్లా తిప్పి కుడిది గీయాలి. నిన్న పెద్దకోడలు దాన్ని తిప్పి పెట్టి వంటింట్లోకి వెళ్లింది. అక్క మరిచిపోయిందనుకుని చిన్నకోడలు మళ్లీ తిప్పింది. రెండూ ఎడమ రెక్కలే అయ్యాయి. రెండోదాన్ని తిరగేస్తే వంపు కుదిరింది కదా అని చిన్నకోడలు జిగురు రాసి, గుడ్డ చుట్టి బిగించేసింది. ఇప్పుడు గుడ్డ విప్పితే ఎడమ రెక్క కిటికీలు పైకి, కుడి రెక్క కిటికీలు కిందకి చూస్తున్నాయి.

"నువ్వు తిప్పావని నాకేం తెలుసక్కా? ఓ మాట చెప్తే నోటి ముత్యాలు రాలతాయా?"

"అడగడానికి నీకు నోరు లేదూ? పక్కింటి సంగతులైతే అడక్కుండానే చెప్తావు!"

"పోనీ, ఊడదీద్దామా?"

"నౌక వీపు చీలిపోతుంది. ఆ జిగురూ నీలాంటిదే, పట్టుకుంటే వదలదు."

ఇద్దరికీ ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే దర్శకుడు గుమ్మంలో ఉన్నాడు, గంట ముందే.

ఆయన నౌక చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. "ఏమ్మా, ఈ పక్క కిటికీలు కిందకున్నాయేం?"

చిన్నకోడలు ఉన్నట్టుండి నేల ఊడ్వడంలో మునిగిపోయింది. పెద్దకోడలికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"పొరపాటేనండీ. కాగితాన్ని ఇద్దరం తిప్పాం." కానీ తన నౌకను అలా వదిలేయడానికీ మనసొప్పలేదు. "అయినా, అంతరిక్షంలో గాలా, నేలా? రెక్కలు సమానంగా ఉండాల్సింది పక్షికి. దీనికి పైనేంటి, కిందేంటి?"

"మరి ఆ పక్క ఉండేవాళ్లు?"

"వీళ్లకి వాళ్లు తల్లకిందులు, వాళ్లకి వీళ్లు."

"ఒకళ్లింటికి ఒకళ్లు వెళ్లాలంటే?"

"మధ్య నడవలో ఓ పిల్లిమొగ్గ వేస్తారు," అనేసి నాలిక కరుచుకుంది.

దర్శకుడు స్టూలు మీద కూలబడి, కళ్లజోడు తీసి మరీ నవ్వాడు. "మా కథలో ఒకే నౌకలో రెండు కుటుంబాలు. ఒకళ్లతో ఒకళ్లకి మాటల్లేవు. వాళ్లని ఎలా చూపించాలో తోచక ఆర్నెల్లుగా జుట్టు పీక్కుంటున్నా."

"అందుకా జుట్టు పలచబడింది!" అంది చిన్నకోడలు చీపురు పట్టుకునే.

"ఆ కార్ఖానా వాళ్లది అటూ ఇటూ ఒక్కలాగే ఉందమ్మా. ఎటు తిప్పినా ఏమీ చెప్పదు. ఇదే కావాలి. గీసిందెవరు? తెర మీద పేరు వేయాలి."

పెద్దకోడలు చేయి పైకెత్తింది, బళ్లో పిల్లలా.

"కుడి రెక్క నాదండీ!" చిన్నకోడలు ముందుకొచ్చింది.

"ఇందాక ఏమైందే ఈ నోరు?" అంది పెద్దకోడలు.

దర్శకుడు నౌకను పసిబిడ్డలా ఎత్తుకుని, రెక్క తగలకుండా గుమ్మంలోంచి పక్కకి పక్కకి నడిచాడు. పెద్దకోడలు ఆయన వెంటే కారు దాకా వెళ్లింది, అటు జాగ్రత్త, ఇటు జాగ్రత్త అంటూ.