కె. మస్తానమ్మ

రంగనాయకులు ఆ రోజు కూడా ఉత్తరాలను ఊళ్ల వారీగా కాకుండా దేవుళ్ల వారీగా పేర్చుకుంటున్నాడు. పెంచలకోన మొక్కుతో పుట్టిన పెంచలయ్యలు ఒక వరస. పోలేరమ్మ పేరు పెట్టుకున్న పోలయ్యలు ఇంకో వరస. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే నిలిచిన మస్తానయ్యలు, హజరత్తయ్యలు వేరే. కాసేపటికి అన్నీ కలిపేసి మళ్లీ దారి ప్రకారం సర్దుకోవలసిందే. అయినా ఇరవై ఆరేళ్లుగా ఆయన పొద్దు అలాగే మొదలయ్యేది.

ఆయనకు యాభై మూడేళ్లు. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. సంచి పట్టీ రాసి రాసి ఖాకీ చొక్కా కుడి భుజం తెల్లబడింది. ఇసుకలో నడిచీ నడిచీ మడమలు బీటలు వారాయి. జీతంలో గాని, రూపంలో గాని గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేని ఆ మనిషికి ఉన్న గర్వమంతా పేర్ల మీదే. మస్తాన్ అంటే దేవుడి ధ్యాసలో ఒళ్లు మరిచినవాడని ఒక ఫకీరును అడిగి తెలుసుకున్నాడు. హజరత్ అంటేనే అయ్యగారు, దానికి మనవాళ్లు మళ్లీ అయ్య తగిలించారని చెప్పి నవ్వించేవాడు. సమాధానం అనే మంత్రసాని పేరుకు వాళ్ల బైబిల్లో శాంతి అని అర్థమని ఆమెనే అడిగి గుర్తుపెట్టుకున్నాడు. సముద్రపు ఒడ్డు పల్లెల్లో బిడ్డ పుడితే ఏం పేరు బాగుంటుందని ఆయన్నే అడిగేవాళ్లు.

ఆయనకు ఒకే ఒక్క కూతురు పుట్టి, పేరు పెట్టకముందే తొమ్మిదో రోజున పోయింది. ఆ పిల్లకు అనుకున్న పేరును ఆయన ఇంకెవరి బిడ్డకూ చెప్పలేదు.

ఆ పొద్దు గూడూరు సంచిలో ఒక తంతి కాగితం వచ్చింది. పోస్టుమాస్టరు పని కూడా చూసే బడి పంతులు చెంచురామయ్య దాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. మద్రాసు హార్బరులో గోధుమ బస్తాల కింద పడి మీ భర్త చనిపోయాడు, వెంటనే రండి అని ఉంది అందులో. పోయిన మనిషి పేరు లేదు.

"కె. మస్తానమ్మ అనుంది. ఇంటిపేరు చూసుకోని ఇయ్యి రంగనాయకులూ."

"నాకు ఇంటిపేర్లతో పనేముంది అయివారూ. పాళెంలో హార్బరుకు పోయినోడి పెళ్లాం మస్తానమ్మ ఒకతే. నెలనెలా ఉత్తరం నేనే చదివిపెడతా ఉండా."

పది గంటల వేళకు పట్టపుపాళెం చేరాడు. మస్తానమ్మ గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. ఆయన్ను చూసి, మొగుడు హజరత్తయ్య ఉత్తరం వచ్చిందనుకుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నవ్వుతూ ఎదురొచ్చింది. రంగనాయకులు సంచి కింద పెట్టి, ఆమెను కూర్చోమని, మెల్లగా చెప్పాడు. ఆమె అత్త నాగులమ్మ లోపలినుంచి వచ్చి, విని, తన బొటనవేలితోనే కోడలి బొట్టు చెరిపేసింది. ఆ తరవాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూలబడిపోయారు. చుట్టుపక్కల ఆడవాళ్లు పరుగున వచ్చారు. రంగనాయకులు వాళ్లకు దారిచ్చి పక్కకు వచ్చాడు. ఇలాంటి కబురు ఎలా చెప్పాలో తనకు తెలుసునని లోపల ఎక్కడో అనుకున్నాడు కూడా.

మిగతా ఉత్తరాలు పంచి, మధ్యాహ్నం సరుగుడు చెట్ల నీడన సద్ది తిని, సంచి సర్దుకుంటుంటే తంతి రసీదు చేతికి తగిలింది. ఆ ఏడుపుల్లో వేలిముద్ర తీసుకోవడం మరిచిపోయాడు. మళ్లీ వెళ్లాలి కదా అనుకుంటూ దాన్ని చూశాడు. కె. మస్తానమ్మ. హజరత్తయ్య వాళ్లు పామంజి వాళ్లు. ఆమె మొగుడికి పంపే ఉత్తరాల మీద పి. అని రాసేది తానే.

పక్కన వల బాగుచేసుకుంటున్న చెంచయ్యను, ఇక్కడ ఇంకో మస్తానమ్మ ఉందా అని అడిగాడు.

"కొమారోళ్ల మస్తానమ్మ ఉంది గదా, చిన్నపోలయ్య పెళ్లాం. పోయిన నెల హజరత్తయ్యే వచ్చి ఆయన్ని హార్బరుకి తోడు తీసకపోయినాడు. నీకు తెలీదా అన్నా?"

"తెలీదు" అన్నాడు రంగనాయకులు. ఆ పాళెంలో ఆయన ఎన్నడూ అనని మాట అది.

రసీదు చెంచయ్య చేతికిచ్చి పంపుదామా అనిపించింది. తంతి కొట్టినవాళ్లే పేరు తప్పు కొట్టారని చెబుదామా అనిపించింది. ఆ రెండో ఆలోచన వచ్చినందుకు చెవులు వేడెక్కాయి. లేచి నడిచాడు.

గుడిసె ముందు పాళెమంతా ఉంది. మస్తానమ్మ ఒకామె ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. ఆ ఆడమనిషి మస్తానమ్మ జుట్టు సవరిస్తూ, సత్తు గిన్నెలో గంజి పట్టుకుని, ఒక్క గుక్క తాగమని బతిమాలుతోంది.

రంగనాయకులు, కొమారి మస్తానమ్మ ఎవరని అడిగాడు.

గంజి గిన్నె పట్టుకున్న ఆమె తలెత్తింది. "నేనే అన్నా."

ఎన్నిసార్లో చూసిన ముఖమే. ఎప్పుడూ ఉత్తరం రాని మనిషి కాబట్టి పేరు అడగలేదు. ఆయన నిలబడే చెప్పాడు. పొద్దున తాను ఇంటిపేరు చూడలేదన్నాడు. పోయింది హజరత్తయ్య కాదన్నాడు. చివరికి చిన్నపోలయ్య పేరు చెప్పాడు.

పామంజి మస్తానమ్మ దిగ్గున లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నా మొగుణ్ని నాకు తిరిగి ఇచ్చావని ఏదో అనబోయి, తాను ఎవరి ఒడిలోంచి లేచిందో గుర్తొచ్చి, చేతులు వదిలేసింది. ఆ దండం రంగనాయకుల చేతుల మీద నిప్పులాగా ఉండిపోయింది.

కొమారి మస్తానమ్మ ఏడవలేదు. గిన్నెను పంచలో నేల మీద జాగ్రత్తగా పెట్టింది.

"పొద్దన కూడా నువ్వు ఇట్టనే నిలబడి చెప్పినావు గదన్నా" అంది. మళ్లీ, "ఇంకో మస్తానమ్మ ఎవురన్నా ఉండారేమో, బాగా చూడన్నా" అంది.

ఆయన నిజంగానే చూశాడు. తలలో ఉన్న మస్తానమ్మలందరినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. ఒకామె మొగుడు పోయి పదేళ్లయింది. ఒకతి ఆరేళ్ల పిల్ల. ఇంకెవరైనా ఉంటే బాగుండునని తానూ వెతుకుతున్నట్టు తెలిసి, సిగ్గుతో తల దించుకున్నాడు.

"లేరమ్మా" అన్నాడు.

ఎవరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. కొమారి మస్తానమ్మ వాళ్ల అన్న వచ్చి, గూడూరు బస్సుకు వేళవుతోందని చెయ్యి పట్టుకుని లేపాడు. పామంజి మస్తానమ్మ, చెరిగిన బొట్టుతోనే, రెండో పక్క పట్టుకుంది. ఆడవాళ్లంతా వాళ్ల వెంట ఇసుక దారిన వెళ్లారు. ఏడుపు దూరమై, సముద్రపు హోరులో కలిసింది. నాగులమ్మ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, ఎండలో నిలబడ్డావు, నీడకు వచ్చి తాగు నాయనా అంది. ఆమె తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. వేలిముద్ర లేని రసీదు చేతిలోనే ఉంది. దానికోసం ఆ మనిషి వెనక పరుగెత్తే ముఖం ఆయనకు లేదు.

పంచలో గంజి గిన్నె పెట్టినచోటే ఉంది. చల్లారిన గంజి మీద పలచటి తెట్టు కట్టింది, గాలికి లేచిన ఇసుక దానిమీద ఒక్కొక్క రేణువే వచ్చి నిలుస్తోంది.