పొడి చేత్తో గంజి

గంజి కాచడంలో నన్ను మించినవాడు మా నేతగాళ్ల కొత్తవాడలో లేడు. గొప్పలు కాదు, ఉన్న మాట. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, పట్టిన గంజి పలచనైతే దారం తెగుతుంది, చిక్కనైతే పెళుసవుతుంది. నలభై ఏళ్లలో నా మగ్గం మీద ఆ రెండూ జరగలేదు. మా నవనీత ల్యాబ్‌లో కాచిన గంజి మూడుసార్లు ఉండలు కట్టాక నా దగ్గరికే వచ్చింది మరి!

నవనీత నా బిడ్డ. దారానికి పట్టిన గంజిలో అణువులు ఎట్లా కదులుతాయో పరిశోధన చేస్తోంది. ముంబైలో రియాక్టర్ నుంచి న్యూట్రాన్లనే రేణువులను దారం మీదికి వదులుతారట. అవి అణువులకు తగిలి చెదురుతాయట. చెదిరినప్పుడు వాటి వేగం ఎంత మారిందో కొలిస్తే అణువుల కదలిక తెలుస్తుందట. రెండేళ్లు దరఖాస్తులు పెట్టగా ఆ కొలిచే యంత్రం మీద ఆమెకు నాలుగు రోజులు దొరికాయి. అవి వృథా అయితే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు.

ముంబై వెళ్లాల్సిన రోజు ఇంట్లో పొయ్యి దగ్గర నా చేతికి ఒక చిన్న సీసా ఇచ్చింది.

"ఇది భారజలం బాపూ. గంజి దీంతోనే కాయాలె. న్యూట్రాన్లకు మామూలు నీళ్లు మస్తు కనబడ్తయి, ఇవి శానా తక్కువ. గంజి కదలిక ఒక్కటే తెల్వాలంటే మామూలు నీళ్లు చుక్క గూడ పడొద్దు."

"నాకే గంజి నేర్పుతున్నవా?" అన్నాను.

గంజి ఉడుకుతుండగా ఫోన్ వస్తే తను బయటికి వెళ్లింది. పాకం చూడాలి. పక్కనున్న ముంతలో వేళ్లు ముంచి, గంజిలో పెట్టి, తీగ సాగదీసి చూశాను. అద్భుతంగా వచ్చింది. వేడి గంజిని ఏ నేతగాడైనా తడి చేత్తోనే చూస్తాడు. ముంతలోవి నల్లా నీళ్లని అప్పుడు గుర్తొచ్చింది.

ఎవరూ చూడలేదు. నవనీత లోపలికొచ్చి, దారం ముంచి, చిన్న అల్యూమినియం డబ్బాలో బిగించి సంచిలో పెట్టుకుంది. సాయంత్రం కాజీపేటలో రైలు. నేనేమో పొద్దున్నే వాడంతా తిరిగి, నా గంజి రియాక్టర్‌కు పోతోందని డప్పు కొట్టుకొని వచ్చాను. ఏ మొహం పెట్టుకొని చెప్పాలి? మధ్యాహ్నం కంచం పక్కకు జరిపి నవనీత దగ్గరికి వెళ్లాను.

"బిడ్డా, ఆ డబ్బా పనికిరాదు. చెయ్యి తడుపుకొని పాకం చూసిన," అన్నాను.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే తిరిగి అరవొచ్చని కూడా అనుకున్నాను. తను సీసా పైకెత్తి వెలుతురులో చూసింది.

"ఇంకొక్కసారికి సరిపోతది. పొయ్యి ముట్టియ్యి బాపూ. ఈసారి గ్లౌజ్ ఏసుకో."

"గ్లౌజుకు తీగ తెల్వది."

చెయ్యి కడిగి, బాగా ఆరబెట్టి, పొడి వేళ్లతోనే ఉడికే గంజిని చూశాను. రెండు వేళ్లూ బొబ్బలెక్కాయి. నవనీత తిట్టింది, మందు రాసింది, రైలెక్కింది. తేడా చూస్తానని పాడైన డబ్బాను కూడా వెంట తీసుకుపోయింది.

మూడో రోజు ఫోన్ చేసింది.

"బాపూ, రెండు డబ్బాలు కొలిచిన. కొత్తదాంట్ల గంజి కదలిక ఎంత సాఫ్‌గ కనబడ్డదో!"

"పాతది?"



"అది గూడ మంచిగనే కనబడ్డది. నల్లా నీళ్ల కదలిక గూడ కలిసి, గంజి రెండింతలు జోరుగ కదిలినట్టు ఉన్నది. అదే నిజమనుకుందును. దాని మీదనే థీసిస్ రాసుకుందును. నువ్వు చెప్పకపోతే నాకు ఎన్నటికీ తెల్వకపోవు."

నా బిడ్డ అక్కడ ఆ పెద్ద యంత్రం ముందు కూర్చొని, ఏది నిజమో ఏది కాదో తేల్చి చెబుతోంది. గర్వంతో ఛాతీ నిండిపోయింది.

మర్నాడు మా బామ్మర్ది వెంకటరాజం వచ్చాడు.

"ఏం బావా, నీ గంజి ముంబైల గెలిచిందట గదా?"

"గెలుసుడు తర్వాత. కూసో, ముందుగాల నేను దాన్ని ఎట్ల పాడు చేసిన్నో చెప్త," అన్నాను.