తడి ప్రమాణం

అవిశ్వాసం పెడుతున్నారన్న పుకారు పుట్టగానే చైర్మన్ విజయలక్ష్మి చేసిన మొదటి పని, తన వైపు సభ్యులందరినీ వ్యాన్లెక్కించి కురవి వీరభద్రస్వామి గుడికి తోలుకుపోవడం. సంతకాలూ, పిల్లల నెత్తి మీద పెట్టిన చేతులూ, అన్నం ముద్ద మీద వేసిన ఒట్లూ ఎలా గాలికి పోతాయో ఆమె ఐదేళ్ళుగా చూస్తూనే ఉంది. వీరన్న ముందు తడిబట్టలతో ప్రమాణం చేసినవాడు మాత్రం తప్పడని ఆమె ధైర్యం. తప్పినవాడు తిరిగి ఇల్లు చేరడని చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట ఉంది.

అది ఏ జిల్లా పరిషత్తో పేరెందుకు లెండి. పాత పెద్ద జిల్లాను కోసి జనగామ ఒకటి, మానుకోట ఒకటి, భూపాలపల్లి ఒకటి అని పంచినప్పుడు మిగిలిన ముక్కల్లో ఒక ముక్క అనుకోండి. పెద్ద జిల్లాగా ఉన్నప్పుడు ఒకటే కుర్చీ, ఒకటే కొట్లాట. ముక్కకొక కుర్చీ వచ్చాక ముక్కకొక కొట్లాట కూడా వచ్చింది. హైదరాబాదులో సర్కారు మారితే ఇక్కడ మెడల్లో కండువాలు మారతాయి. విజయలక్ష్మిని కుర్చీ ఎక్కించడానికి లేచిన చేతులే ఇప్పుడు ఆమెను దించడానికి దురదపెడుతున్నాయి. ఇంతా చేస్తే పదవీకాలం నాలుగైదు నెలలు కూడా లేదు. ఆ మాత్రం దానికే ఇంత యాగీ.

ఆ సభ్యుల్లో వనమాల ఒకతె. సీటు ఆమెది, రాజకీయం ఆమె భర్త నర్సింగరావుది. వాళ్ళ మండలం ఆడవాళ్ళకు రిజర్వ్ అయిందని తెలియగానే మిర్చి వ్యాపారం చేసుకునే నర్సింగరావు భార్య పేరున నామినేషన్ వేశాడు, గెలిచాడు. గెలిచాడనే అందరూ అన్నారు, వనమాల కూడా అలాగే అంది. మీటింగు జరుగుతుంటే అతను వరండాలో కిటికీ దగ్గర నిలబడేవాడు. అతను గడ్డం గోక్కుంటే ఆమె చెయ్యెత్తాలి, కాలరు సవరించుకుంటే దించాలి. ఐదేళ్ళూ అలాగే ఎత్తింది, అలాగే దించింది. ఏ తీర్మానానికి ఎత్తిందో అడిగితే ఒక్కటీ చెప్పలేదు.

కురవికి పోయిననాడు వనమాలకు నెలసరి. గుడిలోకి వెళ్ళకూడదని వ్యాన్ దిగలేదు.

"వదినె రాకుంటె ఎట్లన్నా? ఒట్టు లేని ఓటును నేనెట్ల నమ్మాలె?" అంది విజయలక్ష్మి.

"నేను లేనా అమ్మా? ఆమె చెయ్యి నా చెయ్యి కాదా ఏంది?" అన్నాడు నర్సింగరావు నవ్వుతూ.

నల్లా కింద కూర్చుని బకెట్లతో నీళ్ళు గుమ్మరించుకుని, పంచె కారుతుండగానే లోపలికి వెళ్ళాడు. వనమాలతో పాటు వ్యాన్‌లో ఉండిపోయిన సభ్యురాలు రాణి క్రైస్తవురాలు. ఆమె కోసం విజయలక్ష్మి బైబిల్ కూడా సంచిలో వేసుకొచ్చింది. ఏ దేవుడికీ సెలవివ్వని మనిషి.

తిరిగొచ్చేటప్పుడు నర్సింగరావు పంచె చెంగు పిండుకుంటూ తను ఏమన్నాడో గొప్పగా చెప్పాడు. "నా భార్య చెయ్యి విజయలక్ష్మమ్మకు ఎదురు లేవది. లేస్తె నా పానం నీది వీరన్నా అన్న."

"పానం దాక పోయిండ్రా?" అంది వనమాల.

"అందరు అన్నరు. నేనొక్కన్నే తక్కువంటె బాగుంటదా?"

ఇంటికొచ్చాక ఆమె ఆ పంచెను డాబా మీద తీగకు ఆరేసింది. శివరాత్రి ఇంకా రాలేదు గానీ ఎండ మాత్రం ముదిరిపోయింది. కింద ఖాళీ జాగాలో ఆరబోసిన మిర్చి పొద్దు తిరిగేసరికే గలగలమంటోంది. పంచె చూస్తే అంచు నుంచి ఇంకా బొట్లు బొట్లుగా కారుతోంది. పిండింది, దండిగా నీళ్ళొచ్చాయి. మర్నాడు పిండితే మళ్ళీ అన్నే వచ్చాయి. ఆ నీళ్ళు పసుపూ కర్పూరం వాసన వేస్తున్నాయి. పని చేసే సత్తమ్మ ఒకసారి ముట్టుకుని చూసి, "అమ్మా, గిది నేనుతకను" అని మెట్లు దిగి పోయింది.

వైస్ చైర్మన్ జగదీష్ వచ్చింది ఆ వారంలోనే. అవిశ్వాసం అతనిదే. కొత్త సర్కారు అండ ఉంది, మనుషులను కూడగట్టుకున్నాడు, సరిగ్గా ఒక్క చెయ్యి తక్కువ పడింది. ఒక్క చేతికి అప్పుడున్నంత విలువ ఎప్పుడూ ఉండదు.

"అన్నా, ఆమె దిగిన తెల్లారి వనమాలక్కనే చైర్మన్. కారు మీ ఇంటి ముంగట ఆగుతది. నా మాట పోతదా?" అన్నాడు జగదీష్.

నర్సింగరావు కళ్ళు మెరిశాయి. జగదీష్ గడప దాటగానే వనమాల అడిగింది. "మరి ఒట్టు?"

"ఒట్టేసింది నేను, చెయ్యెత్తేది నువ్వు. నేనేమన్న ఎత్తుతున్ననా?" అన్నాడు. దేవుడి దగ్గర ప్లీడరు తెలివి.

ఆ సాయంత్రమే అతని అంగీ వీపు దగ్గర తడిసింది. మార్చుకున్నాడు. రెండోదీ తడిసింది.

జగదీష్ తన వాళ్ళందరినీ హైదరాబాదు పొలిమేరలో ఒక రిసార్టుకు తరలించాడు. అవతలి వాళ్ళు ఎత్తుకుపోకుండా సభ్యులను ఓటింగు దాకా దాచిపెట్టడాన్ని మా వైపు క్యాంపు అంటారు. ఫోన్లు తీసేసుకుంటారు, బిర్యానీ పెడతారు. అందరూ ఈతకొలను దగ్గర నవ్వుకుంటుంటే నర్సింగరావు మాత్రం గదిలో తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నాడు. అతను పడుకున్న పరుపు పిండితే నీళ్ళొచ్చేట్టు ఉంది. ఏసీ అన్నారు, బీపీ అన్నారు. పిలిపించిన డాక్టరు చెమట అని గోలీలిచ్చి పోయాడు. చెమటకు కర్పూరం వాసన ఎక్కడిదని వనమాల అడగలేదు, అడిగితే అతను ఇంకా బెదిరిపోతాడని. అతని వేళ్ళు పొద్దంతా బట్టలుతికినవాళ్ళ వేళ్ళలా ముడతలు పడి తెల్లబడ్డాయి. దగ్గితే నోట్లోంచి నీళ్ళు పడేవి, ఉత్త నీళ్ళు.

వనమాలకు అతనంటే ప్రేమే. అది దాచుకునే సంగతి కాదు. ఆమెకు కడుపు కోసి గడ్డ తీసినప్పుడు దుకాణం మూసేసి దవాఖానలో నేల మీద పడుకున్న మనిషి. అతను పోతాడేమో అన్న భయం తప్ప ఆ క్యాంపులో ఆమెకు మరో ఆలోచన లేదు.

ఓటింగు నాటి పొద్దున బస్సు బయల్దేరి, జనగామ దాపున ఒక హోటల్ దగ్గర టిఫిన్లకు ఆగింది. నర్సింగరావు ప్లేటు ముట్టలేదు. ఆమెను పక్కకు పిలిచి, చెట్టు కింద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాళ్ళ కింద మట్టి బురదయింది.

"నీళ్ళు గొంతు దాక వచ్చినట్టున్నయే. నువ్వు చెయ్యెత్తినవంటె నేను పోత."

"అయితె ఎత్తను."

"ఎత్తకుంటె జగదీష్ ఊకుంటడా? కుర్చీ పాయె, ఇజ్జత్ పాయె." మళ్ళీ ఏడ్చాడు. అతనికి ప్రాణమూ కావాలి, కుర్చీ కూడా కావాలి.

వణుకుతున్న ఆ మనిషిని వనమాల చూడలేకపోయింది. ఏదో ఒకటి చెప్పి ఊరడించాలి. నోటికొచ్చింది చెప్పేసింది.

"ఇగో, ఇనుండ్రి. పొద్దుగాల నేను తానం జేసి తడిచీరతోనే వీరన్నకు మొక్కిన. మా ఆయన ఒట్టు నా మీదికి తీసుకుంటున్న, ఆయన్ని ఇడిసిపెట్టు స్వామీ అన్న. ఇగ మీకేం భయం లేదు."

ఆమె మొక్కలేదు. ఉత్త అబద్ధం.

నర్సింగరావు ఏడుపు ఆగింది. ఆమె చూస్తుండగానే అంగీ భుజాల దగ్గర తెల్లబడింది, తర్వాత ఛాతీ, తర్వాత చేతులు. ఎండలో వేసిన గుడ్డ ఆరినట్టు పెళపెళా ఆరిపోయింది. అతను పొడి గుడ్డను తడుముకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు. వెళ్ళి ఇడ్లీ తెప్పించుకుని, చట్నీ రెండోసారి అడిగి మరీ తిన్నాడు. వనమాల కుడి రెక్క చల్లగా అనిపించి చూసుకుంది. జాకెట్టు చెయ్యి తడిసి ఉంది. తడి మోచేతి మీదుగా కిందికి దిగుతోంది.

పసుపూ కర్పూరం వాసన.

ఆమె మొక్కకుండానే మొక్కు తీసుకున్నాడు వీరన్న. నోటి నుంచి జారిన మాటే చాలింది ఆ దేవుడికి. భర్త ఎదురుగా నిలబడి, కారుతున్న చెంగు చూపించింది.

"నా మీదికొచ్చింది. చూడుండ్రి. ఇప్పుడెట్ల?"

నర్సింగరావు చెంగును చూశాడు, కింద పడుతున్న బొట్లను చూశాడు. ఒక్క క్షణం అతని ముఖం పాలిపోయింది. తర్వాత జేబు రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు.

"ఏం గాదు. ఆడోళ్ళు తట్టుకుంటరు. వీరన్నకు ఆడోళ్ళ మీద జాలి ఉంటది" అన్నాడు. బస్సు వైపు నడుస్తూ గొంతు తగ్గించాడు. "మంచి పని చేసినవ్. ఇగ బేఫికర్‌గ చెయ్యెత్తు."

వీరన్న నీళ్ళు కూడా ఆ మాటంత చల్లగా లేవు. పదహారేళ్ళ కాపురం ఆ మాట దగ్గర ఆగిపోయింది. బస్సులో అతను జగదీష్ పక్కన కూర్చుని కారు ఏ రంగుదని అడుగుతుంటే, వనమాల వెనక సీట్లో తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది.

పరిషత్ హాల్లోకి సభ్యులను తప్ప ఎవరినీ రానివ్వలేదు. ఎన్నికల అధికారి, పోలీసులు, ఎదురుగా విజయలక్ష్మి. ఆమె రాత్రంతా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. ఆ వైపు నుంచి రాణి వనమాలను చూసి ముఖం తిప్పుకుంది. వనమాల కూర్చున్న కుర్చీ కింద నీళ్ళు చేరి, సన్నటి పాయగా గచ్చు మీద పాకుతున్నాయి. పక్కవాళ్ళు చెప్పులు వెనక్కి లాక్కున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మైకులో మాత్రం నీటిబొట్టు పడుతున్న చప్పుడు. అధికారి మైకును రెండుసార్లు తట్టి చూసి, ఇక లాభం లేదని పక్కకు జరిపాడు.

"తీర్మానానికి అనుకూలంగా ఉన్న సభ్యులు చేతులెత్తండి" అన్నాడు.

చేతులు లేచాయి. కిటికీ అవతల నర్సింగరావు తెల్లటి పొడి అంగీలో నిలబడి గడ్డం గోక్కున్నాడు. ఆమె కదలకపోయేసరికి మళ్ళీ గోక్కున్నాడు. తర్వాత సిగ్గూ శరం వదిలేసి తన చెయ్యే పైకెత్తి చూపించాడు. జగదీష్ వెనక్కి తిరిగి, "అక్కా, అక్కా" అంటున్నాడు.

వనమాల ఒడిలో ఉన్న చెయ్యి వైపు చూసుకుంది. వేళ్ళు తెల్లబడి ముడతలు పడ్డాయి, చలికి నొప్పి పుడుతోంది. ఆ నొప్పి ఆమెకు తప్ప ఆ హాల్లో ఎవరికీ తెలియదు. ఐదేళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి తనదని ఆమెకు అనిపించింది. చావుకు భయపడిందా అంటే, భయపడింది. కానీ చెయ్యి ఎత్తనిది అందుకు కాదు.

"తీర్మానానికి వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు?" అన్నాడు అధికారి.

దానికీ ఆమె చెయ్యెత్తలేదు.

అవిశ్వాసం ఒక్క చెయ్యి తక్కువై వీగిపోయింది. విజయలక్ష్మి ఏడుస్తూ వచ్చి వనమాలను కావలించుకోబోయి, ఆ తడికి ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. "వదినె, వీరన్న నన్ను నిలబెట్టిండు" అంది. వనమాల ఆమెను దాటుకుని బయటికి వచ్చింది.

వరండాలో నర్సింగరావు అడ్డం నిలబడ్డాడు. "ఎందుకెత్తలే? ఎత్తుమంటి కద!"

"ఎత్తుమన్నది మీరే. ఎత్తదని ఒట్టేసింది మీరే. నేనేమంటనో ఎవరన్న అడిగిండ్రా?"

ఆమె చెంగు నుంచి పారిన నీళ్ళు తన బూట్ల దాకా రావడం చూసి అతను గోడ వైపుకు ఒదిగాడు. ఆమె మెట్లు దిగింది. వెనక నుంచి కేక వినిపించింది గానీ అడుగుల చప్పుడు వినిపించలేదు.

బస్టాండులో తొర్రూరు మీదుగా మానుకోట పోయే బస్సు సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మానుకోటలో మారి కురవి పోవాలి. నెలసరి అయిపోయింది, గుడి లోపలికే పోవచ్చు. చెయ్యి లేవలేదు, ఒట్టు నిలబడింది, అయినా తడి పోలేదు. ఇది ఏ మాటకు పట్టిన తడో వీరన్ననే అడగాలి. మొక్కానన్నది అబద్ధమని ఒప్పుకుంటే ఆ నీళ్ళు తిరిగి ఎవరి ఒంటి మీదికి పోతాయో ఆమెకు తెలుసు. చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

కండక్టర్ ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు కొట్టబోతూ ఆగాడు. సీటు కింద నుంచి నీళ్ళు డ్రైవరు వైపు పారుతున్నాయి. బయట ఎండకు తారు రోడ్డు మెత్తబడుతోంది. అతను వంగి ఆకాశం వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"అక్కా, గింతగనం తడిసినవ్. వాన ఎక్కడ వడ్డది?"

"మా ఇంట్ల" అంది వనమాల.