పల్లకీ కారు

శీతాకాలపు ఉదయం. శాంటా క్లారాలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయం మీద పొగమంచు పాలమీగడలా పరుచుకుని ఉంది. పార్కింగ్‌లో తేనె రంగు పాత కారొకటి ఒంటినిండా పసుపు కుంకుమ బొట్లతో నిలబడి ఉంది. రెండు వేల ఎనిమిదో సంవత్సరం అప్పుడే మొదలైంది. కారు మాత్రం అప్పటికే చేతులు మారడానికి అలవాటుపడింది. దాని పేరు పల్లకీ.

ఆ పేరు ఊరికే రాలేదు. రోడ్డు మీద గతుకులున్నా లోపల కూర్చున్నవారికి తెలియదు. స్పీడ్ బ్రేకర్ దాటిన తర్వాత కూడా అది ఒడ్డు వదిలిన పడవలా కాసేపు మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంటుంది. మలుపు దగ్గర ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిదానంగా నిలదొక్కుకుంటుంది. ఏడ్చే పసిపిల్లలను వెనక సీటులో కూర్చోబెడితే వీధి చివరకు చేరేలోగా నిద్రపోతారు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఆ కారే, పొత్తిళ్ళలో బిడ్డలతో ఇంటికి తెచ్చిందీ ఆ కారే. అందుకే అక్కడి తెలుగువారి స్నేహబృందంలో దాన్ని ఒక ఇంటి మనిషిలా చూసుకునేవారు.

మొదట కొన్నది వీరభద్రరావు గారు. ఆయన కొత్త కారు కొనుక్కున్నప్పుడు, మన దేశం నుంచి కొత్తగా వీసా మీద వచ్చిన రవికాంత్‌కు ఇచ్చారు. రవికాంత్ దామోదర్‌కు ఇచ్చాడు. కొత్తగా దిగినవారికి పాతవారు కారు అప్పగించడం అక్కడొక ఆచారమైంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. కొబ్బరికాయ కొట్టేవారు. ఆ తర్వాత ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి భుజం మీద చెయ్యి వేసి, కారు కిటుకులు చెప్పేవాడు.

"బ్రేక్ రెండుసార్లు నొక్కాలి. మొదటిసారి దాన్ని నిద్ర లేపడానికి, రెండోసారి ఆపడానికి."

"ఆగేటప్పుడు ఎడమకి లాగుతుంది. స్టీరింగ్ కొంచెం కుడికి పట్టుకో."

"కీచుమంటే పాట వాల్యూం పెంచెయ్."

అందరూ నవ్వేవారు. ఆ నవ్వుతోపాటు ఆ మాటలు కూడా ఒకరినుంచి ఒకరికి చేరేవి.

చదువుకున్నవారు, పెద్ద కంపెనీలలో పనిచేసేవారు, ఒక్కరైనా ఆ బ్రేకు ఎందుకు బాగుచేయించలేదని మీకు అనుమానం రావచ్చు. కారణం వారి బద్ధకం కాదు. వీసా పొడిగింపు వస్తుందో రాదో, ప్రాజెక్టు ఉంటుందో పోతుందో తెలియని బతుకులలో, "ఇంకెన్నాళ్ళులే" అన్న మాట ప్రతి ఇంటిలోనూ వినిపించేది. సోఫా కాలు విరిగితే ఇటుక పెట్టేవారు. అటక మీద సూట్‌కేసులు ఎప్పుడూ సగం సర్దే ఉండేవి. కారూ అంతే. ఎలాగూ ఇంకొకరికి ఇచ్చేసేదే కదా!

దామోదర్ మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. వారి వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. పరీక్షలో అతడు గీసిన షాక్ అబ్జార్బర్ బొమ్మను లెక్చరర్ క్లాసంతటికీ చూపించి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాడు. ఇప్పుడు పల్లకీలో ఊగుతూ ఆఫీసుకు వెళుతున్నప్పుడు, ఆ బొమ్మ అతడికి ఒక్కనాడైనా గుర్తుకు రాలేదు.

ఆ ఉదయం పల్లకీని అప్పగించడానికి కొండ అవతలి ఊరైన డబ్లిన్‌లో వీరభద్రరావు గారి ఇంటికి బయలుదేరారు. పుచ్చుకునేవాడు గోపాల్, కరీంనగర్ కుర్రాడు. అతడి భార్య రజిని కడుపుతో ఉంది. దామోదర్‌కు ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తుండడంతో భార్య విద్య స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆమెకు లైసెన్స్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. వెనక సీటులో నాలుగేళ్ళ మనీషా అప్పటికే కళ్ళు మూసేసింది.

"ఏవండీ, అసలు రెండుసార్లు ఎందుకు నొక్కాలి?" అంది విద్య.

"అది దాని అలవాటు."

"కారుకి అలవాటేంటండీ? డ్రైవింగ్ స్కూల్ కారు ఒక్కసారికే ఆగేది."

"అది కుర్రకారు. ఇది పెద్దమనిషి. రెండుసార్లు పిలిస్తే గానీ పలకదు."

విద్య నవ్వింది. కారు కొండ ఎక్కింది. పైన మంచు మరీ దట్టంగా ఉంది. కొండలు, చెట్లు, పక్కన వెళ్ళే కార్లు అన్నీ తెల్లటి కలలో కరిగిపోయాయి. పల్లకీ మబ్బుల మీద తేలుతున్నట్టు మెల్లగా ఊగుతూ కొండ దిగసాగింది. దామోదర్ ఫోన్ పక్కన పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. లోకంలో ఇంత హాయి ఉందా అనిపించింది.

అంతలో ఆ తెలుపులో ఎర్రటి దీపాలు పూశాయి. ముందున్న ట్రక్కు ఆగిపోయింది.

విద్య బ్రేక్ నొక్కింది. కాలు దూదిలో దిగినట్టు దిగిపోయింది. కారు ముక్కు కిందికి వంగింది, వేగం మాత్రం తగ్గలేదు.

"రెండోసారి! విద్యా, రెండోసారి నొక్కు!" దామోదర్ అరిచాడు.

కాలు తీసి మళ్ళీ నొక్కాలి. విద్యకు ఆ సంగతి తెలుసు. కానీ కాలు పైకి రాలేదు. ఉన్న బలమంతా పెట్టి పెడల్‌ను అలాగే అదిమి పట్టింది. కారు ఎడమకు లాగింది. ఆమె స్టీరింగ్‌ను కుడికి తిప్పింది. పల్లకీ పక్కకు ఒరిగి, ట్రక్కును రాసుకుంటున్నంత దగ్గరగా దాటి, రోడ్డు అంచు కంకర మీద జారి, తడిగడ్డిలోకి వెళ్ళి ఆగింది.

కారు ఆగిన తర్వాత కూడా ఊగుతూనే ఉంది. మనీషా నిద్ర చెదరలేదు.

విద్య చాలాసేపు స్టీరింగ్ వదలలేదు. "నా కాలు లేవలేదండీ," అంది చివరకు. "భయపడ్డ మనిషి కాలు పైకి లేవదు. ఇన్నాళ్ళూ ఇంతమంది చెప్పారు, రెండుసార్లు నొక్కాలని. ఈ సంగతి ఎవ్వరికీ తెలియదా?"

దామోదర్ దిగి వచ్చి ఆమెను పక్క సీటులోకి జరిపాడు. అతడే డ్రైవ్ చేస్తూ తర్వాతి ఎగ్జిట్‌లో హైవే దిగి, లోపలి రోడ్ల మీద నత్తనడకన కారును డబ్లిన్ చేర్చాడు.

వీరభద్రరావు గారి ఇంటి ముందు అందరూ ఎదురుచూస్తున్నారు. రవికాంత్ బానెట్ మీద పళ్ళెం పెట్టాడు. కొబ్బరి చిప్పలు, నిమ్మకాయలు, పూలు. గోపాల్ కొత్త చొక్కా వేసుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"అమ్మా విద్యా, నీ చేత్తో తాళం ఇవ్వు. ఆడపడుచు చెయ్యి మంచిది," అన్నారు వీరభద్రరావు గారు.

దిగుతూనే దామోదర్ దగ్గర తీసుకున్న తాళంచెవి మీద విద్య గుప్పిట బిగించింది. "ఇవ్వను అన్నయ్య గారూ."

"అదేంటి?"

కొండ మీద జరిగింది ఆమె చెప్పింది. రవికాంత్ నవ్వేశాడు. "ఏరా దామూ, కొత్త కారు వస్తున్నా పాతది వదలబుద్ధి కావట్లేదా మీ ఆవిడకి?"

"కొత్త చెయ్యి కదమ్మా, కంగారు పడ్డావు," అన్నారు వీరభద్రరావు గారు అనునయంగా. "నేను ఏళ్ళ తరబడి నడిపాను. ఒక్క గీత పడలేదు."

"మీకు అలవాటైంది కాబట్టి పడలేదు. ఈ అమ్మాయికి ఏమలవాటు?" విద్య రజిని వైపు చూపించింది. "ఆసుపత్రికి వెళ్ళే రోజున గోపాల్ కంగారుగా ఉంటాడు కదా. అప్పుడు అతని కాలు లేస్తుందా?"

రజిని అప్రయత్నంగా పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు దామోదర్ ముందుకు వచ్చాడు. రెండు అరచేతులూ కారు ముందుభాగం మీద ఆనించి గట్టిగా కిందికి నొక్కి వదిలాడు. కారు లేచింది. దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. పళ్ళెంలో కొబ్బరి చిప్పలు కదిలాయి. నిమ్మకాయలు దొర్లి కింద పడ్డాయి. కారు ఇంకా తల ఆడిస్తూనే ఉంది, ఏది అడిగినా ఔననే ముసలివాడిలా.

దామోదర్ కళ్ళ ముందు ఏనాడో తాను గీసిన బొమ్మ కదిలింది. "అన్నగారూ, షాక్ అబ్జార్బర్లు బాగుంటే ఒక్కసారి లేచి నిలబడిపోవాలి. ఈ ఊపు సుఖం అనుకున్నాం. వీటిలో పట్టు ఎప్పుడో పోయింది. చక్రం రోడ్డుని సరిగ్గా అంటుకుంటే కదా బ్రేకు పనిచేసేది! నేను ఇది చదువుకున్నాను. చదువుకుని, దీని మీదే కూర్చుని జోలపాట వింటున్నాను."

వీరభద్రరావు గారు నేల మీద దొర్లిన నిమ్మకాయలను ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో పెట్టారు. తర్వాత వెళ్ళి గరాజ్ తలుపు ఎత్తారు.

"తోయండ్రా లోపలికి," అన్నారు.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆ గరాజ్‌లో పండుగలా ఉండేది. స్ప్రింగులతో సహా బిగించి వచ్చే గ్యాస్ షాక్ అబ్జార్బర్లు తెప్పించారు. అరిగిపోయిన బ్రేకు డిస్కులు తీసి కొత్తవి వేశారు. ఎక్కువ వేడిని తట్టుకునే బ్రేకు ప్యాడ్లు, ఉబ్బిపోయిన రబ్బరు గొట్టాల బదులు స్టీలు అల్లిక ఉన్న గొట్టాలు, కీళ్ళ దగ్గర ఎండి బీటలు వారిన రబ్బరు బుష్‌లకు బదులు కొత్త బుష్‌లు. బయటికి వచ్చిన పాత షాక్ అబ్జార్బర్‌ను గోపాల్ చేత్తో నొక్కితే అది లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

"పాపం, రిటైర్ అయినంక కూడ డ్యూటీ చేసింది అన్నా," అన్నాడు గోపాల్.

రవికాంత్ మొదటి వారం వచ్చి, "పోయే కారుకి పెళ్ళి ముస్తాబా?" అని ఎగతాళి చేసి వెళ్ళాడు. రెండో వారం స్పానర్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. "ఊరికే చూద్దామని," అన్నాడు. సాయంత్రానికి అతడి మోచేతులదాకా గ్రీజు అంటుకుంది.

బ్రేకు గొట్టాలలోని గాలి తీసే రోజు వచ్చింది. అది ఒక్కరు చేసే పని కాదు. విద్య స్టీరింగ్ ముందు కూర్చుంది. దామోదర్ చక్రం దగ్గర పడుకున్నాడు.

"నొక్కు."

"నొక్కాను."

"అలాగే పట్టుకో... ఇప్పుడు వదులు."

ఆమె నొక్కినప్పుడల్లా, అతడు చక్రం దగ్గర తగిలించిన సన్నటి గాజులాంటి గొట్టంలోంచి డికాక్షన్ రంగు ద్రవం జారింది. దానితోపాటు బుడగలు. ముత్యాల్లా ఒకదాని వెనక ఒకటి, ఎన్నో ఏళ్ళుగా లోపల దాక్కుని మొదటి నొక్కును మింగేస్తున్న గాలి. గరాజ్ వాకిట్లోంచి సాయంత్రపు ఎండ పడి ఆ బుడగలు మెరిశాయి. మనీషా మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూస్తూ, "డాడీ, కార్ బబుల్స్ ఊదుతోంది," అంది. కాసేపటికి బుడగలు ఆగిపోయాయి. ద్రవం తేటగా దిగింది.

విద్య కాలు కింద పెడల్ గట్టిపడింది. ఆమె మళ్ళీ నొక్కి చూసింది. మొదటిసారికే నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడిగడ్డిలో ఆగిన ఆ ఉదయం నుంచి ఆమె కాలిలో వణుకుతున్నదేదో అప్పటికి కుదుటపడింది.

రోడ్డెక్కే ముందు ఒక షాపులో అంతా చూపించి, చక్రాల అలైన్‌మెంట్ చేయించారు. మార్చి వచ్చింది. కొండలు పచ్చబడి, వాలులనిండా పసుపు రంగు ఆవపూలు విరిశాయి. ఆ కొండ మీదికే విద్య కారు తీసుకువెళ్ళింది. దిగుడులో వేగం తగ్గించాలని ఒక్కసారి నొక్కింది. కారు తల వంచకుండా, పక్కకు లాగకుండా, చెప్పిన మాట విన్నట్టు తగ్గింది.

"అమ్మా, కార్ ఊగట్లే," అంది వెనక నుంచి మనీషా. "నాకు స్లీప్ రావట్లే."

"అయితే బయటికి చూడు తల్లీ."

పాప కిటికీకి ముక్కు ఆనించింది. "ఇన్ని ఫ్లవర్సా! ఇవి ఎప్పుడూ ఉన్నాయా?"

దామోదర్ కూడా చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ దారిన తూగుతూ వెళ్ళినవాడు, ఆ కొండను మొదటిసారి మెలకువతో చూశాడు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ అందరూ చేరారు. ఈసారి విద్య గుప్పిట తెరిచి తాళంచెవి రజిని చేతిలో పెట్టింది. గోపాల్ ఆచారం మరచిపోలేదు. దామోదర్ దగ్గరికి జరిగి, "అన్నా, కిటుకులేమన్న చెప్పేదుందా?" అన్నాడు.

దామోదర్ విద్య వైపు చూశాడు.

"ఒక్కసారి నొక్కితే ఆగుతుంది," అంది విద్య. "అంతే."

నవ్వులు సద్దుమణిగాక వీరభద్రరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఆ కిటుకులు మొదలుపెట్టింది నేనే. తెలివి అనుకున్నాను. మనం ఇక్కడ ఎన్నాళ్ళుంటామో తెలియదు, అందుకని దేన్నీ బాగుచేసుకోం. సర్దుకుంటాం. సర్దుకోవడం మన తర్వాతివాడికి నేర్పి, అది సాయం అనుకుంటాం. కానీ కొండ దిగేటప్పుడు రోడ్డు మన వీసా చూడదురా అబ్బాయిలూ. రేపు వెళ్ళిపోయేవాడికైనా ఇవాళ బ్రేకు కావాలి. మన వెనక వచ్చేవాడికి మరీ కావాలి."

గోపాల్ కారు స్టార్ట్ చేశాడు. పక్కన రజిని కూర్చుంది. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. వీధి చివర స్టాప్ గుర్తు దగ్గర పల్లకీ ఊగకుండా, తూగకుండా నిలకడగా ఆగింది. అందరూ తెలియకుండానే బిగబట్టిన ఊపిరి వదిలారు.

మనం సర్దుకుపోయిన లోపమే మన తర్వాతివారికి ప్రమాదమవుతుంది. తాళంచెవి చేతిలో పెట్టే ముందు బ్రేకు బాగుచేసి ఇవ్వడాన్ని మించిన ఆశీర్వాదం లేదు.