గంట వింటే నిలబడాలి

జనం లేకుండా ఆటలపోటీలు పెట్టారని నాకు కోపం లేదు. జబ్బు అట్లాంటిది. జనం రాకూడదని దండోరా వేయించి, తమ జనానికి మాత్రం కుర్చీలు వేయించుకున్నారే, వాళ్లమీదే నా మంట. ఆ మంట ఇంకా ఆరలేదు. ఆర్పుకోవాలని నాకూ లేదు.

యాభై ఏడో సంవత్సరం, ఆషాఢం. ఫ్లూ జ్వరం మద్రాసులో రైలెక్కి డోనులో దిగిందని మా ఊళ్లో అనేవాళ్లు. జంక్షను కాబట్టి మాకు ఏది రావాలన్నా రైల్లోనే రావాలి. ఇంటికి ఒకరైనా మంచం పట్టారు. సంత ఆగింది, టూరింగు టాకీసు మూతపడింది. పల్లెల్లో దాన్ని పడకజ్వరం అన్నారు. ముసలివాళ్లు కొందరు పడక మీంచి లేవనే లేదు.

నేనప్పుడు డోనులో డ్రిల్లు మాస్టర్ని. పేరు శివన్న. పిల్లలు వెనకాల కారం శివన్న అనేవాళ్లు, వాళ్ల తప్పేమీ లేదు.

పోటీలు వాయిదా పడతాయనుకున్నాను. పడలేదు. రిజర్వు పోలీసు జట్టుకు మనుషుల్ని ఏరుకోవడానికి కర్నూలు నుంచి ఒక ఆఫీసరు రావడం ముందే ఖాయమైంది. మైలు పందెంలో మొదట వచ్చినవాడికి కానిస్టేబులు ఉద్యోగం. ఆఫీసరు మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని ఆటల సంఘం ప్రెసిడెంటు పెంచలయ్య శెట్టి వీధివీధికీ దండోరా వేయించాడు. ఆటలు జరుగుతాయి, ఆడేవాళ్లు తప్ప చూసేవాళ్లు ఎవరూ రాకూడదు, వస్తే కేసు పెడతారు అని.

పెంచలయ్యకు వేరుశనగ నూనె మిల్లు ఉంది. ఆయన పుట్టింది వేంపల్లె దగ్గర ఒక చిన్న పల్లెలో. వ్యాపారం కలిసొచ్చి డోనులో మేడ కట్టాడు. మేడ ఎక్కినవాడికి పల్లె ఇంకా బాగా కనపడాలి నిజానికి. ఈయనకు కనపడ్డం మానేసింది.

నా ఆశంతా మద్దిలేటి మీద. గుట్టకింద పల్లెలో కూలిపని చేసే మనిషి. నోట్లో నాలుక లేదు గానీ కాళ్లలో మాత్రం ఏదో ఉంది. తప్పిపోయిన దూడ కోసం గుట్ట ఎక్కి దిగివస్తుంటే ఒకసారి చూశాను. రొప్పు కూడా లేదు. అప్పటినుంచి పట్టుబట్టి మైదానానికి రప్పించి నాలుగు చుట్ల పరుగు నేర్పాను. అమ్మానాన్నా లేరు వాడికి. అక్క గిడ్డమ్మే పెంచింది. వానలు లేక చేలు బీళ్లయినాయి. ఈ ఉద్యోగం వస్తే ఆ ఇంట్లో పూటపూటకూ సంగటి ఉడుకుతుంది. రాకపోతే అక్కాతమ్ముడూ మూట కట్టుకుని బళ్లారి వైపు వలస పోవాల్సిందే. ఎడ్లను అప్పటికే అమ్మేశారు.

పోటీలు జరుగుతాయని చెప్పడానికి సైకిలేసుకుని వాళ్ల పల్లెకు పోయాను. ఊరి మొదట్లోనే గంట వినపడింది. వీధిలో నడిచేవాళ్లు నడిచినచోటే ఆగిపోయారు. బిందెతో వస్తున్న ఆడమనిషి బిందె దించి చేతులు జోడించింది. నేనూ సైకిలు దిగి నిలబడ్డాను. మా పల్లెలోనూ ఇదే ఆచారం. రోగం వచ్చినప్పుడు మారెమ్మను సాగనంపుతారు. చాటలో పసుపూ కుంకుమా వేపమండలూ పెట్టుకుని ఒకరు, ఇత్తడి చేతిగంట వాయిస్తూ ఒకరు ఊరి పొలిమేర దాకా పోతారు. గంట వింటే ఎక్కడివాళ్లక్కడ నిలబడాలి. అడుగు వేస్తే అమ్మ ఆ అడుగు వెంబడి ఇంట్లోకి వస్తుంది. పొలిమేర దగ్గరినుంచి "అమ్మ దాటిందో!" అని కేక వినపడాలి, అప్పుడే కదలాలి.

ఆ కేక వచ్చాక గిడ్డమ్మ గుడిసెలోంచి బయటికొచ్చింది. మనిషి చిన్నదే గానీ గొంతు పెద్దది.

"ఏం సార్, ఈ రోగంలో పరుగు పందేలేంది?"

"జనాన్ని రానీయరంటమ్మా. ఆడేవాళ్లే ఉంటారు."

"నేను జనమెట్లయితా? వాని అక్కను. గేటు కాడ నిలబడి చూసి వస్తా" అంది. తమ్ముడి వైపు తిరిగి, "దినామూ అమ్మను పంపిస్తానే ఉండాము, పోయేటట్టు లేదు. నువ్వన్నా గెల్చుకోని రా నాయనా" అంది.

మద్దిలేటి తల ఊపాడు. వాడు ఎక్కువ మాట్లాడితే అంతే.

పోటీలనాడు పొద్దున్నే మైదానానికి పోయేసరికి నా అరికాలి మంట నెత్తికెక్కింది. గోడ అవతల, గేటు దగ్గర, అంతా కానిస్టేబుళ్లు. లోపల షామియానా. దాని కింద కుర్చీలు, కుర్చీల్లో పెంచలయ్య బంధువర్గం, ఆఫీసర్ల ఇళ్లవాళ్లు, మిల్లుతో పనిబడే పెద్దమనుషులు. మొదటి కుర్చీలో పెంచలయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ. నీలగిరి తైలం చల్లిన చేతిరుమాళ్లు ముక్కుల దగ్గర పెట్టుకుని గోలీసోడాలు తాగుతున్నారు. ముక్కు మూసుకుంటే సోడా ఎట్లా తాగుతారని మీకు అనుమానం రావచ్చు. రుమాలు తీసి తాగారు. తీసి మైసూరుపాకు తిన్నారు, తీసి నవ్వుకున్నారు.

గేటు దగ్గర గిడ్డమ్మను కానిస్టేబులు ఆపేశాడు. తమ్ముడికి తెచ్చిన రాగి అంబలి చెంబు కూడా లోపలికి పోనీయలేదు. నేను నేరుగా పెంచలయ్య దగ్గరికి పోయాను.

"ఏమప్పా, చూసేవాళ్లు వద్దంటిరి. వీళ్లంతా ఎవరు?"

"వీళ్లు చూసేవాళ్లు కాదు మాస్టరూ" అన్నాడు ఆయన చిరునవ్వు పోకుండా. "ఆహ్వానితులు."

కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? జబ్బుకు ఈ తేడా తెలుసా అని అడిగాను. నా పని నన్ను చూసుకోమన్నాడు.

అప్పుడే బల్లమీద కొత్త వస్తువు కనపడింది. ఇత్తడి చేతిగంట, పెద్దది, తళతళ మెరుస్తోంది. ఏటేటా ఆఖరి చుట్టుకు నేను ఈల వేసేవాణ్ణి. ఈసారి జనం లేరు, సందడి లేదు, ఆట చప్పగా ఉంటుందని పెంచలయ్య గంట తెప్పించాడు. తానే వాయిస్తానన్నాడు. నన్ను అవతలి మలుపు దగ్గర నిలబడి గీత తొక్కేవాళ్లను చూడమన్నాడు. ఆ గంట మాట ఎవరూ పరుగెత్తేవాళ్లకు చెప్పలేదు. చెప్పే సమయం నాకు ఇవ్వలేదు.

మైలు పందెం మొదలైంది. మద్దిలేటికి పోటీ అంటూ ఉంటే రాజ్యలక్ష్మమ్మ తమ్ముడు శ్రీనివాసులే. వాడికి బూట్లున్నాయి, పాలూ గుడ్లూ ఉన్నాయి. జీతంతో వాడికి పనిలేదు, ఖాకీ బట్టల మీద మోజు, అంతే. రెండో చుట్టుకే మద్దిలేటి వాణ్ణి వదిలేసి ముందుకు పోయాడు. ఉత్తకాళ్లతో, చొక్కా లేకుండా, గుట్టమీద పోయినట్టే పోతున్నాడు. మామూలుగా అయితే ఈపాటికి మైదానం అదిరిపోవాలి. పల్లెలు పల్లెలే దిగేవి ఏటా. ఈసారి వాడి కాళ్ల చప్పుడు నాకు అవతలి మలుపుకు వినపడింది. షామియానాలోంచి ఒక్క చప్పట్టయినా లేదు. వాళ్లవాడు వెనకబడ్డాడు మరి.

మూడో చుట్టు ముగించి మద్దిలేటి షామియానా ముందుకొచ్చాడు. పెంచలయ్య లేచి నిలబడి గంట ఎత్తి ఖణఖణా వాయించాడు.

మద్దిలేటి ఆగిపోయాడు.

ఆగి, ఉన్నచోటే నిలబడి, చేతులు జోడించి తల వంచాడు. ఒంటినిండా చెమట, ఎగసిపడే రొమ్ము, కాళ్లు మాత్రం నేలలో పాతినట్టు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. మరుక్షణం అర్థమైంది.

"పరుగెత్తరా! మద్దిలేటీ, ఇంకో చుట్టు ఉండాదిరా!" అని గొంతు చించుకున్నాను. వాడు కదల్లేదు. వాడికి కావాల్సిన మాట అది కాదు. ఆ కంగారులో నాకు తట్టలేదు.

షామియానాలో నవ్వులు లేచాయి. రుమాళ్లు తీసేసి మరీ నవ్వారు. "దండం పెట్టి ఉద్యోగం అడుగుతాండాడు" అన్నారెవరో. రాజ్యలక్ష్మమ్మ పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీనివాసులు వాణ్ణి దాటిపోయాడు. ఆ వెనకవాళ్లు కూడా దాటిపోయారు. పెంచలయ్య గంట కింద పెట్టి సోడా అందుకున్నాడు.

అప్పుడు గేటు ఊచల దగ్గరినుంచి వచ్చింది కేక. మైదానమంతా చీల్చుకుంటూ వచ్చింది.

"అమ్మ దాటిందో! ఒరే మద్దిలేటీ, అమ్మ దాటిందో!"

వాడు తలెత్తాడు. అప్పటికి శ్రీనివాసులు మొదటి మలుపు అందుకున్నాడు. ఆ తర్వాత మద్దిలేటి పరుగెత్తిన పరుగును నేను చచ్చేదాకా మరిచిపోను. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. ఆఖరి మలుపులో శ్రీనివాసులు వెనక్కి తిరిగి చూశాడు. తిరిగి చూసినవాడి పని అయిపోయినట్టే. గీత దగ్గర మద్దిలేటి రొమ్మే ముందు తగిలింది. నవ్విన నాపచేనే పండింది. నేను చిన్నపిల్లాడిలా గంతులేశాను.

నా గంతులు ఆగకముందే పెంచలయ్య సంఘంవాళ్లతో గుసగుసలాడి వచ్చి తీర్పు చెప్పాడు. పందెం నడుస్తుండగా బయటిమనిషి కేకవేసి సాయం చేసింది కాబట్టి మద్దిలేటి గెలుపు చెల్లదు. మొదటివాడు శ్రీనివాసులు.

"మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టుంది మీ పని! గంట వాయించి నిలబెట్టింది మీరు కాదా?" అని అరిచాను.

"గంటంటే ఆఖరి చుట్టని పసిపిల్లలకు తెలుసు. ఈడు యాల నిలబడినాడో నాకేం తెలుసప్పా? తిక్కేమో" అన్నాడు.

కర్నూలు ఆఫీసరు వైపు చూశాను. కోస్తా నుంచి వచ్చినాయన. సంఘం ఎవరి పేరు ఇస్తే వాణ్ణే తీసుకుంటానన్నాడు. గొడవలో తలదూర్చడం ఇష్టం లేనట్టు వాచీ చూసుకున్నాడు.

ఆఫీసరు జీపు బయటికి పోవాలని అప్పటికే గేటు తెరిచారు. గిడ్డమ్మ లోపలికొచ్చేసింది. కానిస్టేబులు వెనకాల పరుగెత్తుకొస్తున్నా లెక్కచేయకుండా నేరుగా షామియానా ముందుకొచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కళ్లు పొడిగా ఉన్నాయి.

"మావోడు యాల నిలబడినాడో తెల్దా సామీ నీకు?"

"తెల్దు. పోవమ్మా, బయటికి పో" అన్నాడు పెంచలయ్య.

"వేంపల్లె కాడ పుట్టినోనివంట. తెల్దా?"

"తెల్దంటే..."

ఆమె బల్లమీద గంట తీసుకుంది. ఎవరూ అడ్డుపడే లోపలే రెండు చేతులతో ఎత్తి వాయించింది. పెంచలయ్య వాయించినట్టు కాదు, చాట ముందు నడిచేవాళ్లు వాయించినట్టు, మెల్లగా, ఆగి ఆగి.

ముందుగా రాజ్యలక్ష్మమ్మ లేచింది. చేతిలోని రుమాలు కింద పడింది. కొంగు తలమీదికి లాక్కుని చేతులు జోడించి తల వంచింది. ఆమె పక్కన ఇంకో ఆమె లేచింది. తర్వాత కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. గిడ్డమ్మను పట్టుకోబోయిన కానిస్టేబులు ఉన్నచోటే ఆగి టోపీ తీశాడు. శ్రీనివాసులు బూట్లలో కాళ్లు దగ్గరికి చేర్చుకున్నాడు. మద్దిలేటి సరేసరి.

పెంచలయ్య ఒక్కడే కాసేపు అటూ ఇటూ చూశాడు. గంట ఇంకోసారి మోగింది. ఆయన చేతిలోని సోడాబుడ్డి బల్లమీదికి పోయింది. రెండు చేతులూ వాటంతటవే వచ్చి రొమ్ముదగ్గర కలిశాయి. తల వంగింది.

"ఏమిటిదంతా? ఏమైంది మీకు?" అన్నాడు కోస్తా ఆఫీసరు. వంచిన తల ఒక్కటీ లేవలేదు.

తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. వాడెందుకు ఆగాడో, ఏ మాట కోసం ఆగాడో, ఉగ్గుపాలనాటినుంచీ తెలుసు. తెలిసే నవ్వారు. ఒక్కరంటే ఒక్కరు ఆ ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. జబ్బు వచ్చింది, కట్టుబాటు పాటించండని ఊరంతా దండోరా వేయించారు గదా, ఆ మైదానంలో కట్టుబాటు పాటించినవాడు వాడొక్కడే. అందుకే వాడి ఉద్యోగం పోయింది.

గిడ్డమ్మ గంటను బల్లమీద చప్పుడు కాకుండా పెట్టింది. తమ్ముడి దగ్గరికి పోయి, చెవిలో ఏదో చెప్పింది. వాడు కళ్లు తెరిచి ఆమె వెంట నడిచాడు. ఇద్దరూ గేటు దాటి, అంబలి చెంబు తీసుకుని, రైలుకట్ట వైపు తిరిగారు. ఆ నెలలోనే బళ్లారి పోయారని తర్వాత విన్నాను.

షామియానా కింద అందరూ తలలు వంచుకుని నిలబడే ఉన్నారు. ఆ కేక కోసం చూస్తున్నారు. దాటిందని గిడ్డమ్మ వాళ్లకు చెప్పలేదు.